నెల రోజుల పచ్చగడ్డి

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమనేవాడు ఎవడైనా ఉంటే ఇప్పుడే లేచి నిలబడండి! ఎవరూ లేవరా? మంచిది. అయితే కదలకుండా వినండి.

అనగనగా ఒక అడవిలో వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు ఉండేది. దాని కొమ్మల నిండా గిజిగాళ్ళ గూళ్ళే. ఆ గిజిగాళ్ళలో జక్కయ్యంతటి పనివాడు ముందు పుట్టలేదు, ఇక పుట్టబోడు. అతను అల్లిన గూటిని పట్టుకుని ఒకసారి ఏనుగు ఊగింది. కొమ్మ విరిగింది గాని గూడు తెగలేదు!

ఆ ఏడు తొలకరికి జక్కయ్యకి పెద్ద కోరిక పుట్టింది. ఒకదాని కింద ఒకటి వేలాడేలా ఏడంతస్తుల గూడు కట్టాలి. చుట్టుపక్కల అడవుల పిట్టలన్నీ వచ్చి నోరు తెరుచుకుని చూడాలి.

పక్క కొమ్మ మీద అతని అన్న ఆసయ్య ఉండేవాడు. అంతకు పది రోజుల ముందే డేగ వచ్చి ఆసయ్య భార్యని ఎత్తుకుపోయింది. అడ్డం వెళ్ళిన ఆసయ్యకి రెక్క విరిగింది. గూట్లో ముగ్గురు పసికూనలు. ఇరుగుపొరుగు పిట్టలు పురుగులు తెచ్చి పెడుతున్నాయి సరే, గూటి అడుగు మాత్రం పోగుపోగుగా ఊడిపోతోంది. అది జారిందా, కూనలు నేరుగా వాగులోకే.

“తమ్ముడూ, నాలుగు పోగులు అల్లిపెట్టరా. నేను ఎగరలేను కదా,” అన్నాడు ఆసయ్య.

“రేపు అన్నయ్యా! ఇవాళ నాలుగో అంతస్తు!” అన్నాడు జక్కయ్య.

మర్నాడు ఆసయ్య మళ్ళీ పిలిచాడు. “తమ్ముడూ, కన్నంలోంచి వాగు కనిపిస్తోందిరా.”

“కనిపించనీ, కూనలకి కాలక్షేపం! ఐదోది అవనీ, వస్తా.”

మూడోనాడు ఆసయ్య తమ్ముణ్ణి పిలవలేదు. కూనల్ని తన ఒంటి కిందికి లాక్కుని, “ప్రభువా, ఈ పూట గడిపించు,” అనుకున్నాడు. ఆ మాట జక్కయ్య చెవిన పడింది. ముల్లులా గుచ్చుకుంది.

అప్పుడతనికి గొప్ప ఉపాయం తట్టింది. గిజిగాళ్ళు పచ్చగడ్డి ఆకు అంచు కొరికి, దాన్ని పట్టుకుని ఎగిరి, పొడుగాటి పోగు చీలుస్తాయి. ఒక్కో పోగూ తెచ్చి అప్పటికప్పుడే అల్లుతాయి. దాచి చూసినవాడు ఆ జాతిలోనే లేడు.

“రోజూ తిరగడమెందుకు? నెలకి సరిపడా ఈ ఒక్క పొద్దునే తెచ్చిపడేస్తా. ఇక తీరికే తీరిక! నా గూడు పూర్తిచేసి, తాపీగా అన్నయ్యది చూస్తా,” అనుకున్నాడు.

ఎగిరాడు. మూడు వందల సార్లు ఎగిరాడు! పోగులు కొండలా పడ్డాయి. ఆ బరువుకి తుమ్మచెట్టు జానెడు దిగబడింది. అలిసిపోయి ఆకుల నీడలో కునుకు తీశాడు.

లేచేసరికి పొద్దు వాలింది. ఒక పోగు అందుకుని ముడి వేశాడు. ఫట్! ఇంకొకటి. ఫట్! మూడోదీ ముక్కులోనే విరిగింది.

“అన్నయ్యా, పొద్దున ఇవి నిగనిగలాడాయి! ఇంతలో ఏమైంది?” అని అరిచాడు.

“ఎండాయిరా. మనమూ అంతే. పొద్దున నువ్వు చీల్చిన గడ్డికీ మనకీ పెద్ద తేడా లేదు. ఎండనివాడు మనల్ని చేసిన దేవుడొక్కడే. నాకున్నది కొంచెం కాలమేనని మరిచిపోనీయకు అని రోజూ ఆయన్ని అడుగుతుంటా.”

“ఎంత కాలమో చెప్పాడా?”

“లేదు. ఈ పూట మాత్రం ఇచ్చాడు.”

అంతలో పడమట మబ్బు కమ్మింది. గడ్డికి వెళ్ళి వచ్చే వ్యవధి లేదు. జక్కయ్య కుప్పంతా కెలికాడు. అడుగున నలభై పోగులు ఇంకా పచ్చగా, మెత్తగా ఉన్నాయి. వాటితో తన ఆరో అంతస్తు వదులు ముళ్ళు బిగించుకోవచ్చు. లేదా అన్న గూటికి అడుగు వెయ్యొచ్చు. రెండూ కుదరవు.

జక్కయ్య తన గూటివైపు ఒక్కసారి చూసుకున్నాడు. పోగులు ముక్కున కరుచుకుని అన్న గూటి కిందికి వెళ్ళి, తలకిందులుగా వేలాడి అల్లడం మొదలుపెట్టాడు.

“నీ గూడేమవుతుందిరా?” అన్నాడు ఆసయ్య.

“నువ్వు జరుగు అన్నయ్యా, తోక అడ్డొస్తోంది!”

ఆఖరి ముడి పడగానే గాలివాన విరుచుకుపడింది. చేపలు చెట్టెక్కేంత వాన! జక్కయ్య ఆరంతస్తులూ తెగి వాగులో పడి కొట్టుకుపోయాయి. ఆసయ్య గూడు ఊగింది గాని జారలేదు. అన్నదమ్ములిద్దరూ కూనల్ని మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. తెల్లారేసరికి కూనలు ముగ్గురూ ఆకలని నోళ్ళు తెరిచారు.

ఆసయ్య ఆ తర్వాత ఎనిమిది రోజులే బతికాడు. ఎనిమిది రోజులూ తమ్ముడు పక్కనే ఉన్నాడు. ఏడంతస్తుల మాట మళ్ళీ ఎత్తలేదు.

కూనలకి రెక్కలొచ్చాక పెద్దది అడిగింది: “చిన్నాన్నా, నీ గూడెప్పుడు కట్టుకుంటావు?”

“కట్టుకుంటాలే. ముందు నువ్వు అంచు కొరకడం నేర్చుకో, పొద్దెక్కుతోంది,” అన్నాడు జక్కయ్య.

నీతి: మన ఆయుష్షు కోసిన గడ్డిలాంటిది, దేవుడిచ్చిన పూట పచ్చగా ఉండగానే సాటివారికి చెయ్యాల్సిన మేలు చేసెయ్యాలి. ఇదంతా కళ్ళారా చూసినవాడు, ఆ వానలో చెట్టు మాను పట్టుకుని వేలాడిన ఉడుము యాకోబు.