గెడ్డ దాటిన మూడు కానుకలు

రా, నా పక్కకి జరుగు. చేతులు అలా వెనక్కి దాచుకోకు, నేనేం లాక్కోనులే. రేపు బడి తెరిచాక మీ టీచరమ్మకి ఇవ్వాలని ఏదో చేశావు, నాకు తెలుసు. ఏం చేశావో చెప్పొద్దు. జిగురు వాసన గుమ్మం దాకా కొడుతోంది. కథయ్యాక చూస్తాను. ఊఁ కొట్టు మరి. ఊఁ కొట్టకపోతే కథ సగంలో ఆగిపోతుంది, ఆ తర్వాత నన్ననకు.

అనగనగా ఒక ఊళ్ళో, బస్సు కూడా రాని ఊళ్ళో, ఒక బడి ఉండేది. ఆ ఊరికీ బస్సు ఆగే చోటికీ మధ్యలో ఒక గెడ్డ. గెడ్డంటే చిన్న ఏరు. ఎండాకాలం నీ మోకాలి దాకా ఉంటుంది. వానాకాలం మీ నాన్న మెడ దాకా.

ఆ బడికి పైకప్పుంది. నల్లబల్ల ఉంది. పదకొండు మంది పిల్లలున్నారు. పంతులుగారు ఒక్కరే లేరు.

ఆ పిల్లల్లో పగడాలని ఒక పిల్ల. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. నవ్వకు, నీకు మాత్రం ఉన్నాయా? ఆ పిల్లకి ఒకటే కోరిక. తన పేరు తను రాసుకోవాలి. పెద్ద కోరికేం కాదు, నాలుగంటే నాలుగక్షరాలు.

ఏంటీ, ఆ పిల్ల నేనేనా? చాల్లే! నేనెప్పుడైనా అంత చిన్నగా ఉన్నానా? నేను పుట్టడమే అమ్మమ్మగా పుట్టాను. ఊఁ కొట్టు.

ఒక ఎండాకాలం, "బడి తెరిచే రోజుకి పంతులుగారొస్తారట" అని కబురొచ్చింది. అప్పుడు పగడాలు, ఆయన ఎదురుగా ఉత్త చేతులతో ఎలా నిలబడతాం అనుకుంది. తాటాకులు తెచ్చింది, నానబెట్టింది, వాళ్ళ తాత పక్కన కూర్చుని, వేళ్ళు కోసుకుంటూ ఒక గొడుగు అల్లింది.

పంతులుగారు వచ్చారు. గొడుగు చూసి ఎంత మురిసిపోయారో! అ ఆ ఇ ఈ మొదలెట్టారు. ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. గొడుగు లేకపోతే ఆ వానలో ఎటు పోతారు, ఊళ్ళోనే ఉండిపోదురు. కానీ గొడుగుందిగా! ఒకరోజు 'ఋ' దాకా చెప్పి, గొడుగేసుకుని, గెడ్డ దాటి వెళ్ళిపోయారు. నెత్తి మీద చుక్క పడలేదు. మళ్ళీ రాలేదు.

మరుసటేడు ఇంకో పంతులుగారు వస్తారన్నారు. ఈయనకి పుస్తకాలెక్కువట. అప్పుడు పగడాలు వాళ్ళమ్మ పాత చీర ముక్కలు కలిపి ఒక సంచి కుట్టింది. బరువుకి తెగకుండా అడుగున రెండు వరసల కుట్టు.

ఈయన మళ్ళీ అ ఆ నించే మొదలెట్టారు. "అవి వచ్చండీ" అన్నారు పిల్లలు. "నా దగ్గర రాలేదుగా" అన్నారాయన. అం అః దాకా వచ్చేసరికి దసరా అయింది. అప్పుడు పుస్తకాలు, పంచెలు, ఊళ్ళో వాళ్ళిచ్చిన చింతపండు ముద్ద, అన్నీ ఆ సంచిలో సర్దుకున్నారు. అన్నీ పట్టాయి! అంత మంచి సంచి. నెత్తిన పెట్టుకుని గెడ్డ దాటారు. ఒక్క కుట్టయినా తెగలేదు.

మూడో ఏడు పంతులమ్మగారు వస్తారన్నారు. పట్నంలో పెరిగినావిడ, రాళ్ళదారిలో ఎలా నడుస్తుందో అని ఊరంతా ఒకటే గోల. అప్పుడు పగడాలు పాత టైరు ముక్క తెచ్చి, వాళ్ళ పెదనాన్న చేత కోయించి, తను పట్టీలు బిగించి చెప్పులు చేసింది. కొలత తెలీదుగా, వాళ్ళమ్మ కాలు కొలిచింది. అచ్చంగా సరిపోయాయి.

పంతులమ్మగారు కూడా ఉత్త చేతులతో రాలేదు. చెక్క పలకలు పదకొండు తెచ్చారు. బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి, తన చేత్తో రుద్ది, ఎండలో ఆరబెట్టి, బడి తెరిచిన రోజున ఒక్కొక్కరికీ ఒక్కోటి ఇచ్చారు. పగడాలు ఆ పలక పక్కలో పెట్టుకుని పడుకుంది. తెల్లారేసరికి బుగ్గంతా మసి.

ఆవిడా అ ఆ నించే మొదలెట్టారు. కానీ గబగబా దాటించారు. క వచ్చింది, చ వచ్చింది, మాఘమాసానికి 'న' దాకా వచ్చేసింది. పగడాల పేరులో మధ్య అక్షరాలు, గ, డ, వచ్చేశాయి. దీర్ఘం సంగతి అడక్కు. పలక నిండా ఆ రెండే రాసుకునేది.

"తలా లేదు, తోకా లేదు, నడుం ఒక్కటే ఉందేమే నీ పేరుకి?" అని నవ్వారు పంతులమ్మగారు. "రేపు తల పెడదాంలే."

ఆ సాయంత్రమే కాగితం వచ్చింది, వేరే ఊరి బడికి పొమ్మని. ఆవిడ ఏడ్చారు. పగడాల బుగ్గ మీద మసి తుడిచారు. ఆ తర్వాత చెప్పులేసుకుని, ఒక్క ముల్లయినా గుచ్చుకోకుండా, ఒక్క బిగిన బస్సు దాకా నడిచారు.

ఆ పూట వాళ్ళమ్మ అన్నం ముద్ద కలుపుతూ అంది: "బాగుందే నీ సంబరం! గొడుగిచ్చావు, సంచిచ్చావు, చెప్పులిచ్చావు. ప్రయాణానికి ఇంకేం కావాలి? దగ్గరుండి సాగనంపింది నువ్వేనే!"

సరదాకే అంది పాపం. నేను నిన్ను అనడం లేదూ, అలాగే. కానీ పగడాలు అది నిజమేననుకుంది. ఎండాకాలమంతా చేతులు వెనక్కి దాచుకుని తిరిగింది. వాటితో ఏం చేసినా ఎవరో ఒకరు వెళ్ళిపోతారని భయం.

మళ్ళీ బడి తెరిచే రోజులొచ్చాయి. అప్పుడా పిల్ల అనుకుంది కదా, ఈసారి ఎవరూ పట్టుకుపోలేనిది చెయ్యాలి అని. పదకొండు మందీ కలిసి ఎర్రమట్టి మోశారు, ఊక కలిపి తొక్కారు. బడి లోపల, నల్లబల్ల ముందు, పంతులుగారు కూర్చోడానికి ఒక అరుగు కట్టారు. పగడాలు దాని చుట్టూ ముగ్గు పెట్టింది. ఆ అరుగు ఎత్తుకుపోవాలంటే ఏనుగు రావాలి!

మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు గెడ్డకి అవతల ఒక నల్ల గొడుగు కనబడింది.

ఆయన తిన్నగా లోపలికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "అబ్బ, చల్లగా ఉందే! ఎవరు కట్టారు?" అన్నాడు. పది వేళ్ళు పగడాల వైపు తిరిగాయి.

"అ ఆ నించే మొదలెడతారా అండీ?" అనడిగింది పగడాలు.

ఆయన జేబులోంచి తాళంకప్ప తీశాడు. "నేను పంతుల్ని కాదమ్మా. బడికి తాళం వెయ్యడానికొచ్చాను. ముగ్గుర్ని పంపితే ముగ్గురూ నిలవలేదుగా. ఇంక ఈ ఊరికి ఎవర్నీ వెయ్యరు."

ఊఁ కొట్టవేం? సరే, ఇక్కడ అక్కర్లేదులే.

అప్పుడు పగడాలు, "పోనీ బాబూ, 'న' తర్వాతది ఒక్కటి రాసి పెట్టండి" అంది.

ఆయన తలుపు వైపు చూశాడు. గెడ్డ వైపు చూశాడు. ఆ తర్వాత ఆ పిల్ల వైపు చూశాడు. అరుగు అంచు ఇంకా పచ్చిగానే ఉంది. అక్కడ తాళంచెవి మొనతో 'ప' అని రాశాడు. "చూశావా? పదండి, పదండి" అని పిల్లల్ని బయటికి పంపి తలుపేశాడు. అక్షరం లోపల, పిల్ల బయట.

రోజూ వెళ్ళి తలుపు సందులోంచి చూసుకునేది. ఆ తర్వాత వానలొచ్చాయి. కప్పు కారింది. ముందు ముగ్గు పోయింది, ఆ తర్వాత అక్షరం పోయింది, ఆఖరికి అరుగు పోయింది.

ఇంకెవరూ రాలేదా అంటావా? రాలేదు. పేరు రాయడం వచ్చిందా అంటావా? తలొచ్చింది, నడుమొచ్చింది, తోక రాలేదు. ఎక్కడ సంతకం పెట్టమన్నా నల్లసిరా, బొటనవేలు.

ఏదీ, నీ అరచెయ్యి ఇలా పెట్టు. మెలికలు తిరక్కు, చక్కిలిగింతలేం కాదు. ఇదిగో ప. ఇదిగో గ. ఇదిగో డ. ఇప్పుడు ఇక్కడేం రాయాలో నువ్వు చెప్పు. నీకొచ్చుగా? నా చేతిలో రాసి చూపించు.

చిట్టీ?

పడుకున్నావా? సరేలే. ఇన్నాళ్ళు ఆగింది, ఆ తోకకి తొందరేముంది.

నీ చేతిలో ఏముందో చూస్తానన్నాను కదూ. అట్టముక్కలు, ఐస్‌క్రీం పుల్లలు... పెన్నులు పెట్టుకునే డబ్బానా! మంచి పని చేశావే బంగారం. బల్ల మీద కూర్చుని ఉండేది చేశావు.

గొడుగు వేసుకుంది కథ, సంచి తగిలించుకుంది కథ,
చెప్పులు తొడుక్కుని తిన్నగా కంచికెళ్ళిపోయింది కథ.
గెడ్డ అవతల వాళ్ళది, ఇవతల మనదే కదా,
మనం మాత్రం ఇంట్లోనే, ఈ దుప్పటి కిందే కదా!