వల చివరి దీపం

పోలిరాజుకు ఒకటే బాధ. ఉస్తాద్ దగ్గర చేరి రెండేళ్లు దాటినా, ఆయన ఇంకా తనచేత వెలిగి ఆరే ఆ ఒక్క దీపమే చేయిస్తున్నాడు.

ఉస్తాద్ పేరు మీరా హుస్సేన్. దిబ్బలపాలెం రేవు పక్కనున్న చిన్న దర్గాను పొద్దున్నే ఊడ్చి, సాంబ్రాణి వేసి, మిగిలిన పొద్దంతా దాని అరుగు మీద కూర్చుని రేడియోలు బాగుచేసేవాడు. జాలరులు ఆయన దగ్గరికి రెండు పనుల మీద వచ్చేవారు. పిల్లలకు జ్వరమొస్తే తాయెత్తు కట్టించుకోవడానికి, వల చివర పెట్టే దీపం చేయించుకోవడానికి. రెండు పనులూ ఆయన ఒకే తీరుగా, మాట్లాడకుండా చేసేవాడు.

వల దీపం చిన్నదే. సముద్రంలో వల పరిచాక ఒక కొస పడవకు కట్టి ఉంటుంది. రెండో కొస ఎక్కడో దూరాన చీకట్లో తేలుతుంటుంది. ఆ కొసన ఒక బెండు, బెండుకు గుచ్చిన వెదురు గెడ, గెడ మీద దీపం. అది కనిపిస్తే పెద్ద మరబోట్లు పక్కకు తప్పుకుంటాయి. కనిపించకపోతే వల మీదుగానే పోతాయి. తెల్లారి పడవవాడి చేతికి వచ్చేది చిరిగిన పోగులు.

ఉస్తాద్ దీపంలో రెండు ట్రాన్సిస్టర్లు, రెండు కెపాసిటర్లు, నాలుగు రెసిస్టర్లు, ఒక ఎల్ఈడీ ఉంటాయి. ఒక ట్రాన్సిస్టర్ తెరుచుకుంటే రెండోది మూసుకుంటుంది. కెపాసిటర్ నిండేదాకా ఆగి, మళ్లీ వంతు మారుతుంది. దీపం ఒకసారి తళుక్కుమని, చాలాసేపు ఆరి ఉండి, మళ్లీ తళుక్కుమంటుంది. అంతే. పోలిరాజు వాటిని చేసి చేసి విసిగిపోయాడు. దీపం అని పేరేగానీ ఇది వెలిగేదానికన్నా ఆరేదే ఎక్కువని ఒకనాడు ఉస్తాద్‌తో అనేశాడు కూడా. ఆయన ఊఁ కొట్టి, ఇంకో దీపానికి కావలసిన సామాను అతని ముందు పెట్టాడు.

ఆ ఏడు వేట నిషేధం రోజుల్లో పోలిరాజు అన్న దానయ్య కొత్త వల అల్లాడు. పాత వలను అంతకుముందు ఏడు ఏదో బోటు కోసుకుపోయింది. దానయ్య, అతని భార్య, ముసలి తల్లి, ముగ్గురూ వాకిట్లో కూర్చుని ఎండల్లో అల్లారు. నైలాను దారానికి ముగ్గురి వేళ్లూ కోసుకుపోయాయి. ఈ వల కూడా పోతే పడవ అమ్ముకుని పరాయి బోటులో కూలికి ఎక్కవలసిందే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

దీపం నువ్వే చెయ్యరా అని దానయ్య తమ్ముడికి చెప్పాడు. పోలిరాజు ఆ మాట ఉస్తాద్‌కు చెప్పలేదు.

ఇంట్లోనే కూర్చుని, ఫోనులో చూసి, తను ఎప్పటినుంచో అనుకుంటున్న దీపం చేశాడు. తాళం వేసినట్టు కొట్టుకునే టైమర్ చిప్పు ఒకటి. ఆ తాళానికి ఒక్కొక్క దీపాన్నీ వరసగా వెలిగించుకుంటూ పోయే కౌంటర్ చిప్పు ఒకటి. దానికి పది ఎల్ఈడీలు, గుండ్రంగా, అరచేయంత చక్రం. ఒకటి ఆరీ ఆరకముందే పక్కది వెలుగుతుంది. వెలుగు ఆగకుండా చక్రం చుట్టూ పరుగెడుతుంది. దాన్ని మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గెడ చివర బిగించాడు.

వేట మొదలైన సాయంత్రం దానయ్య పడవ ఒడ్డున సిద్ధంగా ఉంది. దీపం చూడ్డానికి జనం మూగారు. చేపలమ్మే నూకమ్మ తట్ట దించి మరీ చూసింది.

"ఏట్రా పోలిగా, సేపలకి పెళ్లేటి?" అంది.

అందరూ నవ్వారు. అయినా ఎవరూ దాని మీంచి కళ్లు తిప్పలేదు. దానయ్య అయితే తమ్ముడి భుజం మీంచి చెయ్యి తీయలేదు.

ఉస్తాద్ అప్పుడే దర్గాలో దీపం పెట్టి అటు వచ్చాడు. జనం దారి ఇచ్చారు. ఆయన డబ్బాను కళ్ల దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాడు. అతుకులు శుభ్రంగా ఉన్నాయన్నాడు. ఆయన నోట అంత మెచ్చుకోలు పోలిరాజు ఎప్పుడూ వినలేదు. దాంతో ధైర్యం వచ్చింది.

"మీ దీపాల్లా కాదు ఉస్తాద్. ఇది ఒక్క క్షణం కూడా ఆరదు."

ఆయన తల ఊపాడు. గెడను అక్కడే ఇసకలో పాతించి, కాసేపు పడవ దింపొద్దని దానయ్యకు చెప్పాడు. దానయ్య ఆటుపోట్ల సంగతి ఏదో అనబోయి, సాయిబు గారి మాట కదా అని ఊరుకున్నాడు.

ఉస్తాద్ పోలిరాజు చెయ్యి పట్టుకుని ఒడ్డు వెంట నడవసాగాడు. పెద్దాయన, మెల్లగా నడుస్తాడు. పోలిరాజుకు కాళ్లు వెనక్కి లాగుతున్నాయి. తల తిప్పబోతే ఆయన చెయ్యి బిగిసింది.

"నడువు" అన్నాడు.

రేవు దాటారు. వలలు ఆరేసే మిట్ట దాటారు. మసక చీకటి పడింది. నల్లరాళ్ల దగ్గరికి వచ్చాక ఉస్తాద్ ఒక రాతి మీద కూర్చుని, అప్పుడు పోలిరాజును వెనక్కి తిప్పాడు.

ఒడ్డు పొడుగునా దీపాలు. టీ కొట్టు బల్బు, ఐసు గోదాము దీపం, పడవల్లో లాంతర్లు, నీటికి దగ్గరగా దిగిన ఒకటి రెండు చుక్కలు.

"మీ అన్న దీపం ఏది?"

పోలిరాజు వెంటనే చెయ్యి చాపాడు. అతను చూపించిన దీపం కదిలి, మిట్ట ఎక్కి వెళ్లిపోయింది. అది ఎవరో చేతిలో పట్టుకున్న టార్చి. అతను ఇంకోదాన్ని చూపించబోయి ఆగాడు. కళ్లు చిట్లించి పరుగెత్తే వెలుగు కోసం వెతికాడు. ఎక్కడా వెలుగు పరుగెత్తడం లేదు. అంత దూరానికి అరచేయంత చక్రం ఒక్క చుక్కే. పదింటిలో ఏదో ఒకటి ఎప్పుడూ వెలుగుతూనే ఉంది. మిగతా దీపాల్లో మరో దీపంగా, కదలకుండా ఉంది.

అలలు వచ్చి రాళ్లకు కొట్టుకుని పోతున్నాయి.

ఉన్నట్టుండి ఆ దీపాల్లో ఒకటి ఆరింది. మళ్లీ వెలిగింది. కాసేపటికి మళ్లీ ఆరింది.

"అదే" అన్నాడు పోలిరాజు.

అక్కడ దానయ్య, తమ్ముడు ఇంకా రాలేదని, గెడ ముందు దీపానికి అడ్డం పడుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

పోలిరాజుకు పోయిన ఏడు కోసుకుపోయిన వల గుర్తొచ్చింది. తల్లి వేళ్లకు చుట్టిన గుడ్డపీలికలు గుర్తొచ్చాయి. తర్వాత వెనక్కి పరుగెత్తాడు. ఉస్తాద్ లేచి తన నడక తను నడిచాడు.

ఆయన చేరేసరికి పోలిరాజు డబ్బా మూత తీసి, కటింగ్ ప్లేయరుతో ఒక్కొక్క ఎల్ఈడీ తీగా కత్తిరిస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అంటున్నారు. నూకమ్మ, పిల్లోడికి ఏటయిందో సూడండి సాయిబు గారూ అని ఉస్తాద్‌తో మొరపెట్టుకుంది. చక్రంలో ఒక్క ఎల్ఈడీ మిగిలేదాకా అతను తల ఎత్తలేదు.

అది తళుక్కుమని ఆరిపోయింది.

దానయ్య ముఖం మాడిపోయింది. పాడయిందేట్రా అంటూ డబ్బా మీద చెయ్యి వేశాడు. పోలిరాజు చెయ్యి కూడా, తెలిసి తెలిసీ, తీగల వైపు పోయింది. ఉస్తాద్ ఇద్దరి చేతుల మీదా తన చెయ్యి పెట్టాడు.

"ఆరనివ్వు."

ముగ్గురూ చీకట్లో డబ్బాను చూస్తూ నిలబడ్డారు. లోపల చిప్పు ఎవరికీ కనిపించకుండా తీగ తెగిన తొమ్మిదింటి వంతులన్నీ దాటుకుంటూ వచ్చింది. ఎల్ఈడీ వెలిగింది.

పోలిరాజు మూత బిగించాడు. దానయ్య గెడను పడవలో నిలబెట్టి, వల మీద చెయ్యి ఆనించి దండం పెట్టుకుని, పడవను సముద్రంలోకి తోయించుకున్నాడు.

ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లారు. ఉస్తాద్ దర్గా వైపు నడిచాడు. పోలిరాజు నీళ్ల అంచునే ఉన్నాడు. పడవలు దూరం పోయే కొద్దీ వాటి దీపాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

నూకమ్మ తట్ట ఎత్తుకుని అతని పక్కకు వచ్చి నిలబడింది. కొంగు సవరించుకుని సముద్రం మీదికి చూసింది.

"మీ అన్నదేదిరా అందులో?"

"ఉండు పెద్దమ్మా" అన్నాడు పోలిరాజు. "ఆరనియ్యి."