ఊరి లెక్కను మేసిన మేక

అనగా అనగా, రాజుగారి మాట డప్పు మీద ఊరూరికీ నడిచివచ్చే రోజుల్లో, మొగలివాక అని ఒక ఊరు ఉండేది.

ముందే చెప్పేస్తున్నాను పిల్లలూ. ఈ కథలో గుమ్మడికాయ ముందో, కోడిపుంజు ముందో నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు. వరుస కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోండి. మేక మాత్రం ఆ రెండిటి తర్వాతే వస్తుంది. అందులో సందేహం లేదు.

ఆ ఊళ్ళో కాలువ చివర నాంచారమ్మ అనే ముసలామెకు ఒక మడి ఉండేది. ఆమెకు ఉన్నదల్లా అదొక్కటే. మంగళవారం వస్తే కాలువ నీళ్ళు ఆ మడికి రావాలి. ఆమె మామగారి కాలం నుంచీ వస్తూనే ఉన్నాయి. ఆ ఏడు రాలేదు. నారు పోసింది, నారు మొలిచింది, మొలిచిన నారు పసుపు తిరగడం మొదలుపెట్టింది.

నాంచారమ్మ నీరుగంటి పోలయ్య దగ్గరికి పోయింది. కాలువ తూములు ఎత్తేదీ దించేదీ అతనే.

"ఒరే పోలయ్యా, నా మంగళవారం ఏమైందిరా?"

"నీ మంగళవారం కరణంగారి చెరుకుతోటకి పోతోంది పెద్దమ్మా. నీకసలు వంతే లేదంటున్నారాయన. లెక్కల కట్టలో ఉందని చూపించు, ఈ క్షణాన తూమెత్తుతా. నోటిమాట మీద ఎత్తానంటే ఆ తూము కింద నా తలకాయ పెడతారు."

ఎవరి పొలం ఎంత, ఎవరి నీటివంతు ఎప్పుడు, ఎవరు కట్టాల్సిన పన్ను ఎంత, అన్నీ తాటాకుల మీద రాసి, ఎర్రగుడ్డలో చుట్టి, కరణం పేరయ్యగారి ఇంట్లో ఉంచేవారు. అదే లెక్కల కట్ట. దాని గురించి రాజుగారు డప్పు వేయించి మరీ చెప్పించారు: "అడిగినవారికి లెక్క చూపవలెను. లెక్క ఎర్రగుడ్డ లేక ఉండరాదు. మంచుకు తడవరాదు. కరణం గడప దాటరాదు."

నాంచారమ్మ వట్టి చేతులతో పోలేక ఒక గుమ్మడికాయ పట్టుకుని కరణంగారి ఇంటికి వెళ్ళింది.

"కట్టకు నూనె రాశాం నాంచారమ్మా. ఆరాక రా," అన్నారు పేరయ్యగారు. గుమ్మడికాయ లోపలికి పోయింది. నాంచారమ్మ బయటికి వచ్చింది.

రెండోసారి కోడిపుంజును తీసుకుపోయింది.

"ఇవాళ తిథి బాగాలేదు. కట్ట విప్పకూడదు."

"మరి పుంజును పుచ్చుకోవచ్చా బాబూ?"

"పుంజుకు తిథులు పట్టవులే. ఇలా ఇవ్వు."

మూడోసారి తీసుకుపోవడానికి ఆమె ఇంట్లో ఏమీ లేదు. వట్టి చేతులు చూసి కరణంగారి ముఖం చిట్లింది. సాకు కోసం అటూ ఇటూ చూశారు. పెరట్లో ఆయన తెల్లమేక ఏదో నములుతోంది.

"ఏం చెప్పమంటావు నాంచారమ్మా! కట్టను మేక తినేసింది."

"ఏ మేక బాబూ?"

"ఇదుగో, ఈ మేకే."

"అంతానా?"

"అంతా. దారంతో సహా."

జంతువులు మాట్లాడే కథలు చాలా ఉన్నాయి. ఈ మేక మాట్లాడదు. మాట్లాడే మేకైతే కథ ఇక్కడే అయిపోయేది.

నాంచారమ్మ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. కాసేపు మేకను చూసింది. తరవాత దానికి రెండు చేతులూ జోడించింది. "పెద్దవారు మీరు అబద్ధమాడతారా! అయితే మన ఊరి లెక్కంతా ఈ తల్లి కడుపులో ఉందన్నమాట," అంది.

గబగబా ఇంటికి పోయి, పాత ఎర్రచీర ముక్క తెచ్చి, మేకకు చుట్టి ముడి వేసింది.

"ఇదేమిటి?" అన్నారు కరణంగారు.

"లెక్క ఎర్రగుడ్డ లేకుండా ఉండకూడదు కదా బాబూ. పెరట్లో మంచు పడుతుంది, లోపల కట్టించండి. మేతకు కూడా తోలకండి, గడప దాటకూడదు. రాజుగారి మాట."

మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది. లెక్క చూసుకోవాలని జనం కరణంగారింటికి బయల్దేరారు. కుమ్మరి వీరన్న వచ్చి మేక ముందు గొంతుక్కూచున్నాడు.

"తల్లీ, కుండలు కాల్చే ఆవం పక్కనున్న దిబ్బ నాదా, మా బావమరిదిదా?"

మేక "మే" అంది.

"నాదేనంటోంది!"

వెనకే వచ్చిన బావమరిది ఊరుకుంటాడా? "నీ చెవుల్లో మట్టి పడిందా బావా? అది నన్ను చూసి అంది!"

ఇద్దరూ కరణంగారి వసారాలోనే జుట్లు పట్టుకున్నారు.

ఇంట్లో మేక చాప తినేసింది, చీపురు తినేసింది, మడిచి పెట్టిన పట్టుపంచెలో సగం తినేసింది. కరణంగారి భార్య సోమిదేవమ్మ చెంబు విసిరికొట్టింది.

"ఏవండీ, ఈ ఇంట్లో మీ లెక్కయినా ఉండాలి, నేనైనా ఉండాలి!"

కరణంగారు మెల్లగా మేకను వీధిలోకి తోలబోయారు. వీధి వీధంతా లేచింది. "అయ్యో కరణంగారూ! లెక్క గడప దాటుతోంది! పట్టుకోండి!" ఆయన పరుగెత్తి దాని కాళ్ళు పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు.

అక్కడ నాంచారమ్మ బావినుంచి కుండలతో నీళ్ళు మోసి నారు తడుపుతోంది. సగం నారు నిలిచింది. సగం ఎండిపోయింది. నిలిచిన సగం ఇంకెన్నాళ్ళు నిలుస్తుందో ఆమెకు తెలియదు.

అంతలో శుక్రవారం నాడు పన్నుల లెక్క చూడటానికి రాజుగారి దివాన్‌గారు వచ్చారు. లెక్క గడప దాటదు కనుక ఆయనే కరణంగారింటికి వచ్చారు. ఆయనతో పాటు ఊరూ వచ్చింది. దివాన్‌గారికి చాటుగా కట్ట చూపించి పంపేద్దామనుకున్న పేరయ్యగారికి చాటన్నది మిగలలేదు.

"ఏదీ లెక్కల కట్ట?" అన్నారు దివాన్‌గారు.

జనం ఎర్రచీర కట్టిన మేకను తెచ్చి ఎదుట నిలబెట్టారు.

"లెక్క ఈ మేక తిందండి. కరణంగారే సెలవిచ్చారు. పన్నెంతో అది చెబితే కట్టేస్తాం," అన్నాడు వీరన్న.

మేక ఏమీ చెప్పలేదు.

"ఏమీ లేదంటోందండి," అన్నాడు అతని బావమరిది. ఆ ఒక్క మాట మీద బావా బావమరదులకు సఖ్యత కుదిరింది.

దివాన్‌గారి కనుబొమలు పైకి లేచాయి. కరణంగారు కంగారుగా, "పన్నుల ఆకులు తినలేదు ప్రభూ! అవి భద్రంగా ఉన్నాయి!" అన్నారు.

నాంచారమ్మ ముందుకు వచ్చింది. "పోనీలే బాబూ, పన్నులైనా దక్కాయి. రాజుగారు మీకిచ్చిన మాన్యం భూమి కూడా ఆ కట్టలోనే రాసి ఉండేది కదా! పాపం, అది పోయినట్టేనా?"

"నా మాన్యం ఆకూ తినలేదు!" అని అరిచారు కరణంగారు.

"మరి మేక ఏం తిన్నట్టు?" అన్నారు దివాన్‌గారు. "ఏరి ఏరి ఈ ముసలమ్మ నీటివంతు ఒక్కటే తిన్నదా?"

జనం నవ్వలేదు. నవ్వితే జవాబు వినపడదని ఊపిరి బిగపట్టుకున్నారు.

పేరయ్యగారు నిచ్చెన వేసుకుని అటక ఎక్కారు, కట్ట దించారు, ఎర్రగుడ్డ విప్పారు. దివాన్‌గారు ఆకులు ఒక్కొక్కటే పైకి చదివించారు. "మంగళవారం పగలంతయు కాలువ నీరు చివరి మడికి," అని ఉంది.

ఇంతలో చదివి పక్కన పెట్టిన ఆకును మేక వాసన చూసింది, నోట కరుచుకుంది. అది కరణంగారి మాన్యం ఆకు.

"అయ్యో! మేక తింటోంది! నిజంగా తింటోంది!" అని గగ్గోలు పెట్టారు పేరయ్యగారు.

ఒక్కరూ కదల్లేదు. ఆ మాట వాళ్ళు ఇదివరకే విన్నారు.

నాంచారమ్మే లేచి మేక దవడ నొక్కి ఆకు లాగింది. కొంగుతో తుడిచి కట్టలో పెట్టింది. "ఆయనదైతే ఊరుకుందును. ఇది ఊరి లెక్క," అంది.

దివాన్‌గారు నాంచారమ్మకు ఎగ్గొట్టిన మంగళవారాలన్నీ చెరుకుతోట వంతులోంచి తీసి ఇమ్మన్నారు. పోలయ్య ఆ పూటే తూమెత్తాడు. మిగిలిన సగం నారు బతికింది. అప్పటినుంచి ఏటా ఒకరోజు పేరయ్యగారు వీధిలో పీట వేసుకుని, కట్ట మొత్తం ఊరికి వినిపించాల్సి వచ్చింది. మేకను మాత్రం దూరంగా కట్టేవారు.

వకుళా, పిల్లలకు ఇచ్చే ముందు తీరిక చేసుకుని ఈ కథలో పేర్లు ఒకసారి చూసిపెట్టమ్మా. కరణం పేరయ్యో పాపయ్యో, ఊరు మొగలివాకో మరొకటో. మా అక్క నాకీ కథ చెప్పినప్పుడు నువ్వూ పక్కనే ఉన్నావు. నీతి మాత్రం చూడనక్కర్లేదు, అది నేను మర్చిపోలేదు: ఊరందరిదీ అయినదాన్ని దాచుకోవడానికి ఒకడు అబద్ధమాడితే దానితో పోట్లాడవద్దు, దాన్ని వాడి చేతనే మోయించండి, బరువు తెలిశాక వాడే దించుతాడు.