రమ్మన్న గుట్ట మీది వెచ్చని పీట

పూర్వం చీనా దేశంలో, లూ అనే రాజ్యానికి ఉత్తరపు కొసన, చలికాలమంతా మంచు కప్పుకొని పడుకునే ఒక చిన్న గుట్ట కింద, గావ్ షెన్ అనే గృహస్థుడు నివసించేవాడు. కన్ఫ్యూషియస్ అనే మహానుభావుడు ఆ రాజ్యంలోనే జన్మించి, అతిథికి ఎదురేగడం మొదలుకొని గతించినవారిని సాగనంపడం దాకా మనిషి చేసే ప్రతి పనినీ ఎంత శ్రద్ధతో, ఎంత గౌరవంతో చేయాలో బోధించి, కాలధర్మం చెంది అప్పటికి కొన్ని తరాలు గడిచాయి. ఆ మహనీయుని మాట ఆ నేలలో ఎంతగా ఇంకిపోయిందంటే, అక్కడి చంటిపిల్లలు సైతం తాతగారు గిన్నె ముట్టనిదే తమ గిన్నె ముట్టరు. మన పిల్లలా? వడ్డన కాస్త ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తారు!

గావ్ షెన్ ఆ ఆచారధర్మాలన్నిటినీ ఆపోశన పట్టినవాడు. చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా, పితృపూజ అయినా ఆయన వచ్చి నిలబడితేగాని తంతు మొదలయ్యేది కాదు. ఇంట్లో ఆయన తల్లి, భార్య సు నింగ్, నడక వచ్చీరాని కూతురు తావ్. తల్లిని ఊరంతా గావ్ ఇంటి అవ్వ అనేవారు. ఆ అవ్వకు ఒక అలవాటుండేది. చలిరోజుల్లో కొడుకు ముంగిట నిలబడి శిష్యులతో శాస్త్రచర్చలో మునిగిపోయి ఉంటే, ఆమె మెల్లగా వచ్చి వంగి, అరచేత్తో అతని పాదం తడిమి, "కాళ్ళు మంచుగడ్డలైనాయి, లోపలికి రా నాయనా" అనేది. గడ్డం నెరుస్తున్న పండితుణ్ణి పట్టుకొని ఆ మాట అంటే శిష్యులు ఊరుకుంటారా, చేతుల చాటున ముసిముసిగా నవ్వుకునేవారు. "వస్తానమ్మా, నువ్వు పద" అనేవాడు ఆయన, సిగ్గుపడుతూ. అవ్వ మాత్రం కొడుకు గడప దాటేదాకా అక్కడినుంచి కదిలేది కాదు. కాస్త పెరిగాక తావ్ పాదాలనూ ఆమె అట్లాగే తడిమి లోపలికి పిలిచేది.

ఒక చలికాలంలో పొరుగుసీమ ప్రభువు తన వంశపూజ జరిపించమని గావ్ షెన్‌ను సగౌరవంగా పిలిపించుకున్నాడు. పూజ నడిమధ్యలో ఉండగా ఇంటినుంచి మనిషి వచ్చి, అమ్మకు బాగాలేదు, పిలుస్తోంది అని చెప్పాడు. మొదలుపెట్టిన పూజను మధ్యలో విడిచిపోవడం ప్రభువు పూర్వీకులకు అవమానం కదా అనుకున్నాడాయన. ఇది ముగించుకొని వెళ్తాను, అమ్మ అర్థం చేసుకుంటుంది అనుకున్నాడు. ఆచారం ఎరిగినవాడు మాత్రమే చేయగల తప్పు అది. పూజ నిర్దోషంగా పూర్తయింది, ప్రభువు మెచ్చి సత్కరించాడు. ఆయన ఇల్లు చేరేసరికి అవ్వ లేదు. చివరి ఘడియ దాకా ఆమె గడప వైపే చూస్తూ, "వాడు బయటే ఉన్నాడు, లోపలికి రమ్మనండి" అంటూనే కన్నుమూసిందని సు నింగ్ ఏడుస్తూ చెప్పింది.

అవ్వను గుట్టపైన సమాధి చేశారు. తల్లిదండ్రులు పోతే సమాధి పక్కన పూరిపాక వేసుకొని, జనపనార బట్ట కట్టి, గడ్డి పరుపు మీద పడుకొని, జావ తాగుతూ మూడో ఏడు దాకా దుఃఖదీక్షలో ఉండటం ఆ దేశాచారం. గావ్ షెన్ అదంతా అక్షరాలా పాటించాడు, అంతటితో ఆగలేదు. మంచులోనూ పాదరక్షలు వేసుకోనన్నాడు. నిప్పు రాజేసుకోనన్నాడు. ఆచారం అనుమతించిన జావను కూడా సగం చేశాడు. మనిషి ఎముకల గూడైపోతుంటే ఊళ్ళకు ఊళ్ళు తరలివచ్చి, ఆహా, పుత్రుడంటే ఇతడు గదా అని చేతులు జోడించి, తమ కొడుకులకు అతణ్ణి చూపించి చీవాట్లు పెట్టసాగారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే! అట్లా మెచ్చుకున్న మహానుభావులందరూ పొద్దు వాలకముందే ఇళ్ళకు పోయి కుంపటి పక్కన కూర్చున్నారుగాని, ఒక్కడంటే ఒక్కడు, నాయనా, నీ కాళ్ళు చూసుకున్నావా అని అడిగిన పాపాన పోలేదు.

అడిగింది సు నింగ్ ఒక్కతే. ఆమె రోజూ జావకుండతో గుట్ట ఎక్కేది. చిన్నపిల్ల చలికి ఓర్వలేదని తావ్‌ను ఇరుగింట్లో విడిచి వెళ్ళేది. దీక్ష ముగియవచ్చే శీతకాలంలో, తండ్రిని చూస్తానని పిల్ల మారాం చేస్తే వెంట తీసుకుపోయింది. పాకలో ముడుచుకొని కూర్చున్న మనిషిని తావ్ ఎగాదిగా చూసి, తల్లి కొంగు చాటున నక్కి, "అమ్మా, ఆ తాతయ్య ఎవరు?" అని అడిగింది. ఆ మాటకు సు నింగ్ గుండె చెరువైంది.

"ఏమండీ, మీ బిడ్డ మిమ్మల్ని పోల్చుకోలేకపోయింది. దీక్ష ముగియవచ్చింది కదా, ఈ చలి మీరు ఓర్వలేరు. ఇంటికి రండి" అని బతిమాలుకున్నది.

ఆయన తల ఎత్తలేదు. "అమ్మ నన్ను లోపలికి రమ్మని పిలుస్తూ పిలుస్తూ పోయింది, నింగ్. ఆవిడ పిలిచినప్పుడు వెళ్ళనివాణ్ణి, ఇప్పుడు ఎవరు పిలిస్తే వెళ్ళను? ముగింపు పూజ చేస్తాను, అది నా విధి. ఆపైన మళ్ళీ ఈ పాకలోనే ఉంటాను" అన్నాడు.

ఊరి పెద్దలలోకెల్లా పెద్ద, ఆచారవిషయాలలో గావ్ షెన్‌కే గురుతుల్యుడైన ఫాంగ్ తాతయ్య కర్ర పొడుచుకుంటూ గుట్ట ఎక్కాడు. మన కన్ఫ్యూషియస్ గురువు దుఃఖానికి కూడా గట్టు కట్టాడు నాయనా, గట్టు తెగితే నది పంటను తడపదు, ముంచుతుంది అని నచ్చజెప్పి చూశాడు. గావ్ షెన్ సాగిలపడి, వినయంగా విని, చివరికి ఉన్నచోటనే ఉన్నాడు. వినయంగా మొండికేసేవాణ్ణి మార్చడం ఎవరి తరం! ముసలాయన నిట్టూర్చి దిగిపోయాడు.

సు నింగ్ అప్పుడు ఆలోచించింది. ఆచారం తెచ్చిన చిక్కు ఆచారంతోనే వీడాలని ఆమెకు తోచింది. ఆ కాలంలో అక్కడ పితృపూజలో ఒక అపురూపమైన పద్ధతి ఉండేది. గతించినవారి స్థానంలో వారి ఇంటి పసివాళ్ళలో ఒకరిని, వారి వస్త్రమే తొడిగి పీట మీద కూర్చోబెట్టేవారు. ఆ వస్త్రం ఒంటిమీద ఉన్నంతసేపు ఆ పసివారే ఆ పెద్దవారు. కన్నతండ్రి అయినా సరే ఆ బిడ్డ ముందు మోకరిల్లి నైవేద్యం పెట్టవలసిందే. పీట మీదివారు ఆరగించి మిగిల్చినది కర్త తినాలి, కాదనరాదు. తావ్‌ను అవ్వ పీట మీద కూర్చోబెడితే, ఆ చేతి ప్రసాదంగానైనా ఆయన కడుపులో కాస్త కొర్రన్నం పడుతుంది, ఈ చలి గట్టెక్కుతాడు. సు నింగ్ ఆశ అంతవరకే.

అవ్వ పీటకు మనుమడి భార్య కూర్చోవడం రివాజు, మనుమరాలు కూర్చోవడం ఎక్కడి వింత అని కులపెద్దలు గొణిగారు. "మనుమడే లేనప్పుడు మనుమడి భార్యను నన్ను కనిపెట్టమంటారా? ఆవిడ ఒళ్ళో పెరిగిన పిల్లకంటే ఆ పీటకు దగ్గరివారెవరయ్యా?" అని ఫాంగ్ తాతయ్య కసిరేసరికి గప్‌చుప్ అయ్యారు. అయితే ఆయన తావ్‌ను పిలిచి, పీట ఎక్కినవారు పెదవి విప్పకూడదు తల్లీ, అది నియమం అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. పిల్ల బుద్ధిగా తల ఊపింది.

ముగింపు పూజనాటి ఉదయం గుట్టంతా తెల్లగా ఉంది. సమాధి ముందున్న ఒక చదునురాతినే పీటగా అమర్చి, తావ్‌కు అవ్వ నీలిరంగు నిలువుటంగీ తొడిగారు. ఎన్ని మడతలు పెట్టినా అది కిందికి జీరాడుతూనే ఉంది. గావ్ షెన్ వచ్చి ఆ అంగీని చూశాడు. మోకరిల్లినవాడు నుదురు మంచుకు ఆనించి చాలాసేపు పైకి లేవలేదు. లేచి, రెండు చేతులా కొర్రన్నం గిన్నె అందించాడు. తావ్ ఎంతో పెద్దరికంగా నాలుగు మెతుకులు తిని, గిన్నె తిరిగి ఇచ్చింది. కర్త కాదనకూడదు గనుక ఆయన తిన్నాడు. మింగుడుపడక కన్నీళ్ళు కారుతున్నా తిన్నాడు. దూరంగా నిలబడ్డ సు నింగ్ కొంగుతో కళ్ళొత్తుకుంది.

పూజ అయిపోయింది. గావ్ షెన్ లేచి, ఎవరివంకా చూడకుండా, ఆ వట్టికాళ్ళతోనే మంచులో పాక వైపు నడిచాడు.

అప్పుడు తావ్ పీట మీదినుంచి జారి దిగింది. అంగీ ఈడ్చుకుంటూ, తట్టుకుంటూ, తూలుతూ వెంటపడి ఆయన ముందుకు పోయి, వంగి, చిన్నారి అరచేత్తో ఆయన పాదం తడిమింది.

"కాళ్ళు మంచుగడ్డలైనాయి. లోపలికి రా నాయనా" అన్నది.

ఆయన అడుగు ఆగింది. వెనక కులపెద్దలు గగ్గోలెత్తారు. "పీట మాట్లాడింది! నియమభంగం! పూజ చెడింది!" అని ఒకరిమీద ఒకరు పడి అరిచారు. అందరూ ఫాంగ్ తాతయ్య వైపు తిరిగారు. జీవితంలో గవ్వంత నియమం కూడా తప్పని ఆ ముసలాయన, మంచులో వంగి ఉన్న పిల్లను, ఆ పిల్ల చేతి కిందున్న పగుళ్ళు బారిన పాదాన్ని చూసి, తీర్పు చెప్పాడు.

"పీట మీద మాట్లాడకూడదన్నారు. ఆమె పీట దిగే మాట్లాడింది. అంగీ ఇంకా ఒంటిమీదే ఉంది గనుక, అది విప్పేదాకా ఆమె గావ్ ఇంటి అవ్వే. గావ్ షెన్, మీ అమ్మ పిలుస్తోంది. ఈసారి కూడా పని ముగించుకొని వస్తానంటావా?"

ఆ మాటతో గావ్ షెన్ కుప్పకూలి, పసివాడిలా బావురుమన్నాడు. తావ్ మాత్రం పాదం మీది చెయ్యి తీయలేదు. అవ్వ అంతేగదా, కొడుకు కదిలేదాకా కదిలేది కాదు. కొంతసేపటికి ఆయన "వస్తున్నానమ్మా" అని, ఆ బిడ్డను అంగీతో సహా ఎత్తుకొని గుట్ట దిగాడు. సు నింగ్ ముందుగా పరుగెత్తి తలుపు తీసి, కుంపటి రాజేసింది. ఆయన గడప దాటి లోపలికి వెళ్ళాడు.

పలికింది అవ్వేనా, లేక అవ్వ ఒళ్ళో నేర్చినదాన్ని పిల్ల అప్పజెప్పిందా అని అక్కడివారు ఇప్పటికీ వాదించుకుంటారు. నన్నడిగితే, తల్లులు పోకుండా ఉండేది అట్లాగే. పీట రాతిని ఆ సాయంత్రం తడిమి చూసినవారికి మాత్రం అది గోరువెచ్చగా తగిలిందట. ఆ తర్వాత గావ్ షెన్ చాలాకాలం బతికి, ఎన్నో పూజలు జరిపించాడు. ఏ పూజ మధ్యలోనైనా ఎవరి ఇంటినుంచైనా పిలుపు వస్తే, తానే తంతు ఆపి, "ముందు వెళ్ళిరా నాయనా, పూర్వీకులు ఆగుతారు" అని పంపేవాడు. అది ఆ సీమలో నేటికీ కట్టుబాటుగా నిలిచింది.

ఆ గుట్టకు అప్పటినుంచీ రమ్మన్న గుట్ట అని పేరు. చుట్టూ ఎంత మంచు కురిసినా ఆ చదునురాతి మీద మాత్రం నిలవదు. ఏటా తొలిమంచు కురిసిన ఉదయం జనం పిల్లలతో ఆ గుట్ట ఎక్కుతారు. ఏడాది పొడుగునా పెద్దలకు మొక్కే ఆ దేశంలో, ఆ ఒక్కనాడు పెద్దలు పిల్లలకు మొక్కి, పాదరక్షలు విడిచి మంచులో నిలబడతారు. పిల్లలు ఒక్కొక్కరే వెచ్చని పీట మీద కూర్చొని లేచి, తమవారి పాదాలు తడిమి లోపలికి పిలుస్తారు. పిల్లలు లేనివారు, ఇంటికి పోవడానికి మొహం చెల్లనివారు, తల్లి పిలిచినప్పుడు వెళ్ళలేకపోయినవారు కూడా వచ్చి ఒక వారగా నిలబడతారు. వారి దగ్గరికి ఎవరి బిడ్డో ఒకరు వెళ్ళి, ఊరూ పేరూ అడగకుండా వంగి, "కాళ్ళు మంచుగడ్డలైనాయి, లోపలికి రా నాయనా" అంటారు.