మరిడమ్మ పెంచిన శీలావతులు

అనగనగా ఒక ఏరు. ఆ ఏటికి ఒక రాజు. రాజు పేరు రణకేతుడు. ఆయనకు రాజ్యం మీదకన్నా గాలం మీద మోజు ఎక్కువ. ఆయన్ని చూసి ఊరూరా జనం గాలాలు పట్టారు. చూస్తుండగానే ఏట్లో శీలావతి చేపలు కరువైపోయాయి.

అప్పుడు రాజు మరిడమ్మ అనే జాలరి ముసలమ్మను పిలిపించి ఒక పని అప్పగించాడు. తొలకరి వరదలో చేపగుడ్లు పట్టాలి. ఒడ్డున గుంటల్లో పిల్లల్ని పెంచాలి. వేలెడంత కాగానే ఏట్లో వదలాలి.

మరిడమ్మకు పిల్లాజెల్లా లేరు. ఆ చేపపిల్లలే ఆమె లోకమయ్యాయి. పూటపూటా గట్టు మీద నిలబడి, "రండమ్మా, రండి" అంటూ తవుడు చల్లేది. ఆమె నీడ నీళ్ల మీద పడితే చాలు, అన్నీ నోళ్లు తెరుచుకుని పైకి తేలేవి. అది చూసి ఆమె మురిసిపోయేది. ఆ మురిపెమే కొంప ముంచింది.

మొదటి ఏడు వదిలినవి ఎదిగాయి. రాజు గాలం వేస్తే పొద్దెక్కకముందే బుట్ట నిండింది. ఊరంతా మరిడమ్మను మెచ్చుకుంది.

రెండో ఏడూ అంతే. ఈసారి మాత్రం రాజు ముఖం ముడుచుకున్నాడు. "ఇదేం వేట మరిడమ్మా? పెరట్లో వంకాయలు కోసుకున్నట్టుంది" అన్నాడు. నెల తిరగకుండానే ఏరు మళ్లీ బోసిపోయింది.

మరిడమ్మ ఏట్లో దిగి చూసింది. మిగిలిన నాలుగు చేపలూ ఆమె నీడ కిందికి వచ్చి నోళ్లు తెరిచాయి. తడిచీరతోనే కోటకు వెళ్లింది.

"దొరా, తప్పు నాదే. మనిషి నీడ పడితే మేత వస్తుందని వాటికి నేర్పింది నేనే. ఈ చేతుల్తోనే వాటిని గాలాల ముందుకు తోలాను."

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు రాజు.

"మూడేళ్లు అందరూ గాలాలు అటకెక్కించాలి. నేను నా ముద్దుమురిపాలు అటకెక్కిస్తాను."

రాజు అలాగే చాటింపు వేయించాడు.

మూడో ఏడు వరదలో చేరెడు గుడ్లే దొరికాయి. అవి పోతే ఆ జాతే ఉండదు. ఈసారి మరిడమ్మ తాటాకు దడి చాటు నుంచి మేత వేసింది. తన నీడ పడినప్పుడల్లా కర్రతో నీళ్లను బాదింది. బెదిరి మేత మానేసి సగం పిల్లలు చచ్చిపోయాయి. తేలినవాటిని ఏరి పాతిపెట్టి, ఏడుస్తూనే మళ్లీ కర్ర ఎత్తేది. మిగిలినవాటిని ఏట్లో వదిలింది.

మూడేళ్లు గడిచాయి. రాజు మళ్లీ గాలం వేశాడు. పొద్దంతా కూర్చుంటే ఒక్కటి పడింది. కడుపు నిండా గుడ్లున్న తల్లిచేప. ఆయన దాన్ని మెల్లగా నీళ్లలోకి వదిలేసి, "వేటంటే ఇదీ" అన్నాడు.

ఆ సంగతి విన్న మరిడమ్మ, వరద తీశాక రేవుకు వచ్చింది. ఆమె పెంచనివి, ఏట్లోనే పుట్టినవి, చిన్నచిన్న పిల్లలు గుంపులుగా తిరుగుతున్నాయి. కళ్లారా చూద్దామని ఒక్క అడుగు ముందుకేసింది. అన్నీ లోతుకు పారిపోయాయి. ఎంతసేపు నిలబడ్డా ఒక్కటీ తిరిగి రాలేదు. ఏరు బతికింది. మరిడమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఒంటరిగా ఇంటిదారి పట్టింది.

మచ్చిక చేసుకోవడం పెంపకం కాదు పిల్లలూ. మనం లేనిచోట బతకగలిగేలా చెయ్యడమే పెంపకం.