అలుగమ్మ చెవి, కొండముచ్చు చెయ్యి

అనగనగా, పిల్లలూ, వెదురు పొదలు దట్టంగా పెరిగిన ఒక అడవిలో ఒక అలుగు ఉండేది. ఒళ్ళంతా గట్టి పొలుసులు. మనసు మాత్రం మెత్తన. అందరూ అలుగమ్మ అని పిలిచేవారు.

ఎవరికి దిగులు కలిగినా ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె తిట్టేది కాదు, సలహాలు చెప్పేది కాదు. పక్కన కూర్చుని వినేది, అంతే. ఈకలు రాలిపోయి సిగ్గుతో దాక్కున్న నెమలి, ఆమెతో మాట్లాడాక తనంతట తానే బయటికొచ్చింది.

"ఎవరి దారి వాళ్ళకే తెలుస్తుంది. మనం వింటే చాలు," అనేది అలుగమ్మ.

ఒకరోజు ఒక దుప్పి కుంటుతూ వచ్చింది.

"అక్కా, నా బిడ్డను రేచుకుక్కలు పట్టుకుపోయాయి. ముళ్ళలో పడి పరిగెత్తాను. కాలిలో ముల్లు దిగింది, అందుకోలేకపోయాను. వైద్యం చేసే కొండముచ్చు తాత దగ్గరికి వెళితే, 'చూసుకుని నడవొద్దూ? కాలు ఇటివ్వు!' అని కసిరాడు. భయపడి వచ్చేశాను."

"కూర్చో తల్లీ. చెప్పు," అంది అలుగమ్మ.

మొదటి రోజు దుప్పి ఏడ్చింది. రెండో రోజు బిడ్డ గంతులు తలుచుకుని కాస్త నవ్వింది. మూడో రోజు లేవలేకపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. కాలు వాచి చీము పట్టింది.

అలుగమ్మ వంగి ఆ కాలు చూసింది. 'మాటలే విన్నాను. కాలు చూడనేలేదు. అందరూ నా దగ్గరే బాగుపడ్డారే! ఇప్పుడు ఆ కోపిష్టిని పిలవాలా?' అనుకుంది. అంతలో దుప్పి మూలిగింది. అలుగమ్మ ఇక ఆగలేదు. కొండముచ్చు ఉండే చెట్టు కిందికి పరిగెత్తింది.

"తాతా, దుప్పికి నయం చేయడం నా వల్ల కావడం లేదు. నువ్వు రావాలి."

"మూడు రోజులూ ఏం చేశావు?"

"విన్నాను."

"వింటే ముల్లు వస్తుందా?"

"రాదు. కసిరితే దుప్పి రాదు. ఇద్దరం వెళ్దాం పద."

కొండముచ్చు తాత తల దించుకుని దిగాడు. ఈసారి దుప్పి పక్కన నెమ్మదిగా కూర్చున్నాడు. "కాలు చూడనా తల్లీ?" అని అడిగాడు. దుప్పి అలుగమ్మ వైపు చూసింది. తర్వాత మెల్లగా కాలు చాచింది.

తాత ముల్లు లాగి, చీము తీసి, ఆకు పసరు పోశాడు. దుప్పి బతికింది. కుంటు మాత్రం మిగిలిపోయింది.

"మొదటి రోజే తాతను పిలిచి ఉంటే నీకు ఈ కుంటు ఉండేది కాదు. తప్పు నాదే," అంది అలుగమ్మ.

"ముల్లు తీసింది తాతే అక్కా. కానీ నువ్వు వినకపోతే నేను ఎవరికీ కాలు చాచేదాన్ని కాదు," అంది దుప్పి.

నీతి: ఓపికగా వినడం మనసుకు బలమిస్తుంది. అది చాలని చోట మరొకరి సాయం అడగడం కూడా ప్రేమే.