ఒక్కటీ ఒప్పు కాని పరీక్ష

రేవుపట్నంలో ఓడలవాళ్ళ పరాయిభాష నేర్పే గరుడాచార్యులకి తన నీడ మీద కూడా అనుమానమే. రెండో ఏటి పరీక్షలో ఉప్పుమడుల నూకాలు అన్నీ సరిగ్గా చెప్పేసరికి ఆయనకి ఒళ్ళు మండింది. ఉప్పు మోసేవాళ్ళ పిల్లకి ఇంత భాషా? "ఎవరో సైగ చేసుంటారు" అని సున్నా వేశాడు. సున్నా వస్తే దుబాసీ కొలువు దక్కదు. నూకాలు రాజుగారితో మొరపెట్టుకుంది.

సభలోనే మళ్ళీ పరీక్ష పెట్టారు. ఆచార్యులు ఆ భాషలో ఇరవై వాక్యాలు చదివాడు. ఏది నిజమో, ఏది అబద్ధమో నూకాలు చెప్పాలి. చెప్పింది.

"ఇరవయ్యీ తప్పే ప్రభూ!" ఆచార్యులు చంకలు గుద్దుకున్నాడు. "దీనికి ఒక్క ముక్కా రాదని నేను అనలేదూ?"

"ఒప్పు చెబితే దొంగనన్నారు కదా అయ్యవారూ, అందుకే తప్పు చెప్పాను" అంది నూకాలు. "ఏమీ రానివాళ్ళు గుడ్డిగా చెప్పినా కొన్నైనా ఒప్పవుతాయి. ఒక్కటీ ఒప్పు కాకూడదంటే అన్నీ తెలిసుండాలి."

రాజుగారు నవ్వాపుకుంటూ అడిగారు: "మరి ఈసారి సైగ చేసిందెవరు ఆచార్యా?"

ఆచార్యులు అలవాటుకొద్దీ సభంతా అనుమానంగా కలయజూశాడు. నూకాలు కాక ఆ భాష తెలిసినవాడు అక్కడ తనొక్కడే.